రాజరాజు తొందర

ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారిని తలచుకునే చోట వారి ‘విషాద సారంగధర’ను కాదని మరో మాట ఎత్తబుద్ధి కాలేదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్ని చెప్పుకుంటాం. నాటకం విషాదంతో ముగియడం సంస్కృత సంప్రదాయానికి గిట్టదు. భాసుడి ‘ఊరుభంగం’ వంటివి చాలా అరుదు. పాత కథలో రాకుమారుడు సారంగధరుడికి సిద్ధుడి దయవల్ల నరికిన కాళ్లూ చేతులూ తిరిగి వచ్చేస్తాయి. బళ్లారిలో నాటకాలు రాసి ఆడించిన ఆ మహానుభావుడు ఆ ఊరటను పక్కన పెట్టి, కథను విషాదంతోనే ఆపారు. ఆ సాహసానికి రెండు చేతులెత్తి మొక్కుతాను. చివర అన్నీ చక్కబడితే, తప్పు ఎవరిదని మనం అడిగేవాళ్లమే కాదు.

ఎవరిది మరి? మన వేలు ఎప్పుడూ చిత్రాంగి వైపే. పావురం కోసం సవతి తల్లి అయిన ఆమె మేడకు వెళ్లిన రాకుమారుణ్ణి ఆమె కోరింది, అతను కాదన్నాడు, ఆమె నింద వేసింది. ఆ పాపం చిన్నదని నేననను. కానీ కాళ్లూ చేతులూ నరకమని శిక్ష వేసింది తండ్రి రాజరాజ నరేంద్రుడు. నిజం తేలేదాకా ఆగనివాడు ఆయనే. (నన్నయ చేత భారతం రాయించిన చరిత్రలోని రాజరాజుకు ఈ నింద అంటగట్టకూడదు. ఆయన కొడుకు కులోత్తుంగ చోళుడై రాజ్యమేలాడు.)

ఎందుకు ఆగలేదు? కోపం వల్ల అంటే సగం జవాబే. చిత్రాంగిని మొదట కొడుక్కే అనుకున్నారనీ, ఆమె అందం చూసి తండ్రే పెళ్లాడాడనీ ఒక కథనం ఉంది. నా దృష్టిలో కీలకమంతా అక్కడే. కొడుక్కు దక్కవలసిన పిల్లను తాను తెచ్చుకున్నవాడికి ఆనాటి నుంచీ ఆ కొడుకు యౌవనమే కంట్లో నలుసై ఉంటుంది. చిత్రాంగి అతనికి కొత్త సంగతేమీ చెప్పలేదు, లోలోపల తాను భయపడుతున్నదే చెప్పింది. ఇక సాక్ష్యంతో పనేముంది?

క్రీ.పూ. 428లో ఏథెన్స్‌లో మొదటి బహుమతి పొందిన యూరిపిడిస్ ‘హిప్పాలిటస్’లోనూ ఇలాంటి తండ్రే ఉన్నాడు. సవతి కొడుకు మీద మనసుపడిన ఫీడ్రా, అతని మీద నింద రాసిన పలకను చేత పట్టుకుని ఉరి వేసుకుంటుంది. ఆ తండ్రి థీసియస్ అది చదివి, కొడుకు ప్రమాణం చేసినా వినడు, జోస్యుల మాట కోసమూ ఆగడు. సముద్రదేవుడు పొసైడన్ ఇచ్చిన వరాన్ని శాపంగా వాడేస్తాడు. అలల్లోంచి వచ్చిన ఎద్దును చూసి గుర్రాలు బెదిరి, రథం విరిగి, కొడుకు రాళ్ల మీద ఈడ్చుకుపోతాడు. అయితే హిప్పాలిటస్‌కూ ఒక లోపముంది. కన్యాదేవత ఆర్టెమిస్‌ను కొలుస్తూ ప్రేమదేవతను చిన్నచూపు చూస్తాడు, తన పవిత్రతను చూసుకుని తానే మురుస్తాడు.

మన సారంగధరుడిలో అలాంటి మచ్చ దాదాపు లేదు. నిష్కళంకుడు కూలిపోతే అది చూసేవాళ్లకు రోతే పుట్టిస్తుందని, కరుణా భయమూ కలగాలంటే పూర్తి మంచివాడూ పూర్తి చెడ్డవాడూ కాని మనిషి ఏదో పొరపాటు వల్ల పడిపోవాలని అరిస్టాటిల్ అన్నాడు. ఆ కొలతతో చూస్తే నాటకం పేరు కొడుకుదే అయినా విషాద నాయకుడు తండ్రే. సారంగధరుడి నొప్పి శరీరానిది. నిజం తెలిశాక కూడా బతకవలసిన బాధ రాజరాజుది.

అందుకే ఈ నాటకాన్ని మళ్లీ ఆడించేవారికి ఒక విన్నపం. మీ దగ్గరున్న నటుల్లో అందరికంటే గొప్పవాణ్ణి రాజరాజు పాత్రకు ఇవ్వండి. శిక్ష చెప్పే ఘట్టంలో అతని చేత కేకలు పెట్టించకండి. కొడుకు నేరం గురించి మాట్లాడుతూ తన పాత నేరాన్ని దాచుకుంటున్న మనిషిగా అతను ప్రేక్షకుడికి కనిపించాలి.