మీటరు చెప్పేదీ, మనం అడిగేదీ
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



విమానాలలోని విద్యుత్తు గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు మాకు జంకు కలిగిన మాట నిజము. మేము మెట్రిక్యులేషను మాత్రమే చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. ఐతే మా తమ్ముడు ఈ బెంగుళూరులోనే ఒక విమానాల మరమ్మతు షెడ్డులో ఎలక్ట్రీషియను. అతడు రాత్రి భోజనాలవేళ చెప్పగా విన్నదే ఈ ప్రసంగానికి పెట్టుబడి. పైగా ఈ ఊరిలో రైలుకూ విమానానికీ పాత చుట్టరికమున్నది. 1940లో ఇక్కడ వెలసిన హిందూస్థాన్ విమాన కర్మాగారం, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రైలుపెట్టెలు కూడా తయారు చేసింది.

డైరెక్టు కరెంటు అంటే ఎప్పుడూ ఒకే దిక్కుగా ప్రవహించే విద్యుత్తు. పాత రైలుపెట్టెలలో ఇరుసుకు బెల్టు వేసి తిప్పే డైనమో, పెట్టెకింది బాటరీలు కలిసి 24 వోల్టులతో దీపాలు వెలిగించేవి. విమానంలోనూ ఇంచుమించు అదే సంసారము. చాలా విమానాలలో బాటరీ 24 వోల్టులది. దానిని నింపే జనరేటరు 28 వోల్టుల దగ్గర నడుస్తుంది. పంచాంగశ్రవణంలో ఆదాయవ్యయాలు విన్నాము గదా! జనరేటరు ఇచ్చేది ఆదాయము; దీపాలు, పంపులు, రేడియోలు వాడేది వ్యయము; బాటరీ ఆపత్తుకు దాచుకొన్న సొమ్ము. ఆకాశంలో జనరేటరు ఆగిపోతే ఆ సొమ్ము ఖర్చయ్యేలోపల నేలకు దిగవలెను.

లోహపు విమానంలో చాలా పరికరాలకు కరెంటు వెళ్ళడానికి తీగ ఉంటుంది గాని, తిరిగి రావడానికి వేరే తీగ ఉండదు. విమానపు ఒళ్లే తిరుగుదారి. మోటారుకారులోనూ ఇదే ఏర్పాటు. కనుక జబ్బులు ముఖ్యంగా మూడు: దారి తెగిపోవడం, దారి మధ్యలో తీగ ఒంటికి తగిలి అడ్డదారి పట్టడం, దారి ఉండికూడా ఇరుకైపోవడం. మొదటి రెండూ త్వరగానే బయటపడతాయి. మూడవది దొంగజబ్బు.

తనిఖీకి ఒక వరుస ఉన్నది. ముందు కరెంటు ఆపి కంటితో చూడవలెను. క్లాంపు దగ్గర ఒరుసుకొన్న తీగ, రాగిమీద పచ్చని చిలుము, వదులైన మర, నూనె కారి నానిన తీగలకట్ట — సగం రోగాలు ఇక్కడే దొరుకుతాయి. బ్రేకరు పడిపోతే, ఎందుకు పడిందో తెలియకుండా మాటిమాటికీ పైకెత్తరాదు. ఇవన్నీ అయిన తరువాతనే మీటరు.

ఇక మా ఇంటి కథ. రెండేండ్ల క్రిందట ఒక చిన్న విమానంలో ఇంధనపు పంపు మందకొడిగా తిరిగింది. మా తమ్ముడు తీగ విప్పి మీటరు పెట్టగా 28 వోల్టులు నిండుగా చూపింది. దోషం పంపుదేనని కొత్తది వేసి, పుస్తకంలో “సరిగా ఉన్నది” అని సంతకం చేశాడు. సాయంత్రం నడిపిచూస్తే కొత్త పంపూ అంతే! తెల్లవారితే విమానం వెళ్ళవలెను. అతడు మాకు ఫోను చేసి ఏమి చేయమన్నావన్నాడు. ఉద్యోగభయం ఎరిగిన మేము, “సంతకం చేసేశావు గదా, ఇంటికి రా, రేపు చూసుకోవచ్చు” అన్నాము.

అతడు రాలేదు. తాను చేసిన సంతకాన్ని తానే కొట్టివేసి, ఈసారి పంపు తిరుగుతూ ఉండగా కొలిచాడు. మీటరు ఒక కొస పంపు మైనస్సుకూ, రెండవ కొస విమానపు ఒంటికీ తాకించాడు. అక్కడ ఇంచుమించు సున్న రావలెను. 3 వోల్టులు వచ్చింది. 28 వోల్టుల విమానంలో నిరంతరం నడిచే పరికరానికి దారిఖర్చు 1 వోల్టు మించరాదు. బిళ్ల విప్పిచూస్తే దాని కింద రంగు! రంగు వేసినవారు లోహం మీది పూతను గీకకుండా బిగించారు. పంపు 10 ఆంపియరులు లాగుతున్నది. అక్కడ పోయినవి 3 వోల్టులు. అంటే ఆ ఒక్క అతుకు దగ్గర 30 వాట్ల వేడి పుడుతున్నది.

మరి ముందు 28 ఎందుకు చూపింది? విప్పిన తీగలో ప్రవాహం లేదు గనుక. ఇరుకు సందు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరికీ ఇరుకనిపించదు. బండి వచ్చినప్పుడే తెలుస్తుంది. మీటరు అబద్ధమాడలేదు. అడగవలసిన ప్రశ్న అడగలేదు, అంతే.

ఇంతకన్న పెద్దలూ ఇలాగే మోసపోయినారు. 1970 ఏప్రిల్‌లో చంద్రునివైపు వెళుతున్న అపోలో 13 నౌకలో ఆక్సిజను తొట్టి పేలింది. ఆ తొట్టిలోని హీటరు స్విచ్చీలు 28 వోల్టులకు తగినవి. నేలమీద పరీక్షలో పెట్టినది 65 వోల్టులు. స్విచ్చీలు అతుక్కుపోయి హీటర్లు గంటలకొద్దీ ఆగలేదు. లోపలి వేడి సుమారు 1000 ఫారెన్‌హీటు డిగ్రీలకు చేరింది. చూపే మీటరు మాత్రం 80 డిగ్రీలు దాటి చూపలేనిది. తీగలపై తొడుగు మాడిపోయింది. ముగ్గురు వ్యోమగాములూ క్షేమంగా తిరిగిరావడం మానవజాతి అదృష్టము.

ఇళ్ళలో ఇన్వర్టరు, స్కూటరు వాడే సోదరులు కూడా గమనించవలెను. ఊరకున్న బాటరీ వోల్టులు చూసి మురిసిపోకండి. బరువు పెట్టి చూడండి. కొత్త బాటరీ కొనేముందు పాతదాని మరలు విప్పి చిలుము తుడిచి చూడండి.

ఆనాటి ఆలస్యానికి మా తమ్మునికి ఒక మెమో వచ్చింది. పదిరోజులు అమ్మకైనా చెప్పలేదు. ఆ రాత్రి “ఇంటికి రా” అన్నది మా తప్పని ఈ సభలో ఒప్పుకొంటున్నాము. మన పిల్లలు చాలామంది ఇటువంటి పనులలో చేరుతున్నారు. వారు అర్ధరాత్రి ఫోను చేసి సలహా అడిగితే, పెద్దలమైన మనము “కొలిచే రా” అనవలెను.