మా చాల్ నడవ



మేము పెరిగినది బొంబాయి వర్లీలోని బి.డి.డి. చాల్ అను కార్మికనివాసమున. గది 160 చదరపుటడుగులు. మిల్లులో రాత్రిపాళి చేసివచ్చిన తండ్రులు లోన నిద్రించుచుండ, మేము నడవలో జదువుకొనుచుంటిమి. కరీంనగరమునుండి వచ్చు జాబులను పెద్దలు మాచేత నచ్చటనే చదివించుకొనుచుండిరి. మాకు తెనుగు పట్టువడినది వానివలననే. ఎవరి యింట నేమి కొఱతయో నడవకంతకును దెలియును.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె ప్రారంభమై జీతములు నిలిచెను. అప్పుడు సంపాదనగల యిండ్లవారు, మరాఠీవారును మన పద్మశాలీయులును, అడుగకమున్నే రొట్టెలు పంపిరి.

ఇప్పుడా కట్టడము లేదు. అచ్చటివారికి 500 చదరపుటడుగుల యిండ్లు లభించుచున్నవి, సంతోషమే. కాని మూసిన తలుపుల వెనుక నాకలి యెవరికి దెలియును? నూతన భవనములయందును మనవారు వారమున కొక్కపూటయైన నొకచోట గూడి, ఒకరి కష్టసుఖము లొకరు విచారించుకొని, బిడ్డలచేత తెనుగు చదివింపవలెనని మా విన్నపము.