మోటారు సైకిలు నాడి

వైద్యుడు రోగిని చూడగానే కత్తి చేతబట్టడు. ముందు నాడి చూచును. బాధ ఎప్పుడు పుట్టును, ఎప్పుడు తగ్గునని అడుగును. మోటారు సైకిలు విషయమున మాత్రము మన మీ పద్ధతిని పాటింపము. ఇంజనులో ఏదో చప్పుడు వినబడగానే విప్పి చూడవలెనందుము. ఒకసారి విప్పిన యంత్రము మరల మునుపటివలె కుదురుకొనుట ఎంత కష్టమో, అందుకెంత సొమ్ము వ్యయమగునో చేయి కాలినవారే యెరుగుదురు. నేనును అట్టివారిలో నొకడను.

నేను చెప్పబోవునది నూరు సీసీ తరగతి చిన్న బండ్లను గూర్చి. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చినది మొదలు ఈ తరగతి బండ్లు మన పల్లెలలో సైతము ఇంటి మనుషులవంటివైనవి. పాలబిందెలు మోయునవి ఇవియే. పిల్లలను బడికి చేర్చునవి ఇవియే. స్ప్లెండర్ ఇంజను కొలత 97.2 సీసీ మాత్రమే. ఇంత చిన్న ఇంజను ఒక సంసారమును మోయవలెనన్న, దాని శక్తి దారిలో వృథా పోరాదు. ఆ శక్తిని గేర్లకు, గేర్ల మీదుగా చక్రమునకు అందించు ద్వారమే క్లచ్చు.

కొన్నియేండ్ల క్రిందట నేనును నా భార్యయు అట్టి బండిపై సింహాచలము కొండ నెక్కుచుంటిమి. సగము దారిలో ఇంజను హోరుమని అరచుచున్నదే కాని బండి ముందుకు సాగదు. మాడు వాసన కొట్టెను. వెనుక బస్సు వచ్చుచున్నది. బండి నిలిచిపోయి వెనుకకు జారసాగెను. నేను బ్రేకులు బిగబట్టి కాళ్లు నేలకు తన్నిపట్టితిని; నా భార్య చప్పున దిగి వెనుక చక్రము క్రింద రాయి పెట్టినది. ఆ రాయియే ఆనాడు మమ్ము కాపాడినది.

మరునాడు మేస్త్రి క్లచ్చు ప్లేట్లు అరిగినవని నిశ్చయించి క్రొత్తవి వేసెను. తీసిన నూనె క్రొత్తదిగానే కనబడుటచే దానినే తిరిగి పోసెను. వారము దినములకు మరల అదే జబ్బు! తుదకు తేలినదేమనగా, దోషము ఆ నూనెలోనే యున్నది. ఎవరో ఇచ్చిన కారు నూనె వృథా పోవుటెందుకని దానిని బండిలో పోసినవాడను నేనే. ఆ మాట మేస్త్రితో చెప్పనివాడను నేనే.

కారు నూనె చేసిన కీడేమి? ఈ బండ్లలో క్లచ్చు నూనెలో మునిగి యుండును. రాపిడి పూతగల పలకలును, ఉక్కు పలకలును ఒకటి విడిచి యొకటి పేర్చి, స్ప్రింగులతో అదిమి యుంచుదురు. మనము పిడిని నొక్కినపుడు ఆ ఒత్తిడి సడలి ఇంజనునకును గేర్లకును సంబంధము తెగును. వదలినపుడు మరల కలియును. ఇంజనును, గేర్లను, క్లచ్చును తడుపునది ఒకే నూనె. కొన్ని కారు నూనెలలో రాపిడిని మరింత తగ్గించు దినుసులు కలుపుదురు. అది కారు ఇంజనునకు మేలే. మన క్లచ్చు బ్రదుకుట మాత్రము రాపిడి వలననే. అందుకే జపానువారు 1998లో మోటారు సైకిలు నూనెలకు ప్రత్యేకముగ ఒక ప్రమాణము నేర్పరచిరి. డబ్బాపై జాసో ఎమ్ఏ అను గుర్తున్న నూనె తడి క్లచ్చునకు తగినది. ఎమ్‌బీ అనునది అట్టి క్లచ్చు లేని స్కూటర్లకు. నా బండిలో నూనె రెండుమారులు మార్చిన పిదప జారుట మానినది. అంతకుముందే తీసి పారవేసిన పాత ప్లేట్ల సంగతి తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గగును.

క్లచ్చు జబ్బులు ముఖ్యముగ రెండు. ఒకటి జారుట, రెండవది పట్టు వదలకుండుట. నిర్జనమైన సమతలపు బాటలో పై గేరున మెల్లగా పోవుచు ఒక్కసారి ఎక్సిలేటరు త్రిప్పుడు. ఇంజను వేగము పెరిగి బండి వేగము పెరగకున్నచో క్లచ్చు జారుచున్నది. పిడిని పూర్తిగా నొక్కి మొదటి గేరు వేసినపుడు బండి ముందుకు ప్రాకినను, ఆగిపోయినను, నిలుచుండగా న్యూట్రల్ దొరకకున్నను, పట్టు వదలుట లేదు.

రెంటికిని మొదట చూడవలసినది పిడి చివరనున్న ఆట. అది 10 మొదలు 20 మిల్లీమీటర్ల వరకు ఊరక కదలవలెను. ఆట బొత్తిగా లేనిచో క్లచ్చు వైరు ఎల్లప్పుడును కొంత లాగబడియే యుండును. ప్లేట్లు జారి మాడును. ఆట మిక్కుటమైనచో, నొక్కినను పట్టు పూర్తిగా వదలదు. దీనికి చికిత్స స్పానరుతో రెండు నిమిషముల పని. పిమ్మట వైరు పోగులు తెగినవేమో చూడుడు, పిమ్మట నూనె. ఈ మూడును సరిగా నున్నప్పుడే ప్లేట్లను, స్ప్రింగులను అనుమానింపుడు. వెలుపలినుండి లోపలికి పోవలెను గాని లోపలినుండి వెలుపలికి రారాదు.

ఇక చప్పుళ్లు. చప్పుడును మూడు ప్రశ్న లడుగుడు. మొదటిది: ఇంజను ఆపి, న్యూట్రల్‌లో బండిని త్రోసినను వచ్చునా? వచ్చినచో ఇంజను నిర్దోషి. చైను, చక్రపు బేరింగు, బ్రేకు చూడుడు. చైను నడిమి భాగము 20 మొదలు 30 మిల్లీమీటర్లు క్రిందుమీదులుగ ఆడవలెను. రెండవది: న్యూట్రల్‌లో ఇంజను నడచుచుండగా క్లచ్చు పిడి నొక్కిన మారునా? నొక్కగానే పోయినచో క్లచ్చు గిన్నెనో గేరుపెట్టె బేరింగునో శంకింపవలెను. నొక్కినపుడే పుట్టినచో క్లచ్చును విడిపించు చిన్న బేరింగు అరచుచున్నది. మూడవది: పిడితో నిమిత్తము లేక ఇంజను వేగమునే అనుసరించునా? పైభాగమున టిక్కుటిక్కుమన్న టాపెట్లు. ఎడమ ప్రక్క గలగలమన్న టైమింగు చైను. ఈ ఇంజనులలో క్లచ్చు కుడి ప్రక్క నుండును గనుక, చప్పుడే వైపుదో తెలిసిన సగము నిర్ణయము జరిగినట్లే.

1816లో పారిసు నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగ చుట్టి రోగి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజను గోడకు ఆనించి, పిడిని చెవి దగ్గర చేర్చిన మనకును అట్టి సాధనమే యగును. కాని తిరుగుచున్న చైను దగ్గరకు చేయి గాని, అంగవస్త్రము గాని పోనీయకుడు. వ్రేళ్లు పోగొట్టుకొనినవారు కలరు.

కడపట నొక మాట. మేస్త్రితో "చప్పుడు వచ్చుచున్నది" అని మాత్రము చెప్పి ఊరకుండకుడు. ఏ గేరున, ఎంత వేగమున, చలిగా నున్నపుడో వేడెక్కిన పిదపనో, పిడి నొక్కిననో వదలిననో చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగ, బండికి మీరేమి చేసితిరో దాచక చెప్పుడు. రోగి దాచిన మాట వైద్యునికి నాడిలో దొరకకపోవచ్చును.

నా భార్య నేటికిని డబ్బాపైనున్న గుర్తును తాను స్వయముగ చదివిన గాని నన్ను బండిలో నూనె పోయనీయదు. రాయి పెట్టినది ఆమె గనుక నేను మారుపలుకను.