బొమ్మ విమానమున పెట్రోలు ఇంజను



ఆదివారము ఉదయము. ఊరి వెలుపలి మైదానమున ఒక బొమ్మ విమానము నిలిచియున్నది. రెక్కల పొడవు రెండు గజములకు పైన. దాని యజమాని ఈ విద్యకు క్రొత్తవాడు. ఇంజను త్వరలోనే అందుకొన్నది. సూదిమరను ఇంచుక ఇంచుకగా బిగించిన కొలది దాని స్వరము పైకి పోయినది. ఇంతకన్న పైకి పోదనిన స్థాయిలో అతడు చేయి తీసి, సంతోషముతో విమానమును వదలినాడు. అది నేల విడిచి, ముక్కు నెత్తి, చెట్ల తలలు దాటునంతలో ఇంజను మూలిగి ఆగిపోయినది. విమానము తుమ్మపొదలలో వాలినది. అదృష్టవశమున విరిగినది చక్రపు కాలు ఒకటే. నేలమీద అంత చక్కగా పాడిన ఇంజను ఆకాశమున ఏల ఆగినదని అతడు అడిగెను. క్రొత్తవారందరును ఏదో ఒకనాడు అడుగు ప్రశ్నయే ఇది.

అమెరికనులు పెట్రోలును ‘గ్యాసు’ అందురు. కావున వారు గ్యాసు ఇంజను అన్నప్పుడు వంటింటి గ్యాసును తలపనక్కరలేదు. 1930 తరువాతి సంవత్సరములలో ఫిలడెల్ఫియాకు చెందిన బిల్ బ్రౌన్ అను యువకుడు సుమారు 10 ఘన సెంటీమీటర్ల చిన్న పెట్రోలు ఇంజనును తయారుచేసెను. 1933లో న్యూయార్కు జాతీయ పోటీలలో మాక్స్‌వెల్ బాసెట్ అట్టి ఇంజనుతో ఎగురవేసిన విమానములు రబ్బరు పురితో ఎగురు విమానములను ఓడించినవి. రబ్బరువారు ఊరకుండిరా? పెట్రోలు విమానములకు వేరు తరగతి ఏర్పడినది. 1947లో రే ఆర్డెన్ గ్లోప్లగ్గును ప్రవేశపెట్టగా, స్పార్కు తీగలు, బ్యాటరీ మోయు బాధ తప్పినది. మెథనాలులో ఆముదము కలిపిన ఇంధనము చిరకాలము రాజ్యమేలినది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను తేలికపడిన పిమ్మట పెద్ద విమానములకు పెట్రోలు ఇంజను మరల వచ్చినది.

ఇంజనును అమర్చుటలో తొందర పనికిరాదు. ముందరి పలక గట్టిదై, మరమేకులు అదురుకు వదులు కాకుండ బిగియవలెను. మెథనాలుకు వాడు సిలికోను గొట్టము పెట్రోలులో ఉబ్బి చెడును. పెట్రోలుకు తగిన గొట్టమునే వేయవలెను. తొట్టిలోపలి గొట్టము చివర చిన్న బరువుండును. విమానము తలక్రిందులైనను ఆ బరువు ఇంధనమున్న వైపునకే జారును. ఇట్టి ఇంజనుల కార్బురేటరులలో పెక్కింటికి స్వంత పంపు కలదు గనుక తొట్టిని ముక్కునుండి కొంత దూరముగా, విమానపు బరువు తూగుచోట ఉంచవచ్చును. ఇగ్నిషను పెట్టెను, దాని బ్యాటరీని రేడియో రిసీవరుకు ఎంత ఎడముగా ఉంచిన అంత మేలు. ఒకే విమానమున ఉన్నను ఆ రెంటికిని పొసగదు. గాలి లోనికి వచ్చు ద్వారముకన్న వెలికి పోవు ద్వారము పెద్దదిగా ఉండవలెను. లేనిచో వేడిగాలి లోపలనే నిలిచిపోవును, సంతకమునకై వేచియున్న దస్త్రమువలె.

ప్రొపెల్లరు విషయమున ఒక లెక్క చెప్పవలెను. 20 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 7000 మార్లు తిరిగినచో దాని కొన గంటకు సుమారు 670 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అప్పుడది కంటికి కనబడదు. పలుచని పొగతెరవలె తోచును. వ్రేలు పోగొట్టుకొనువారు సామాన్యముగా మోసపోవునది అచటనే. కావున దానికి ఎదురుగాగాని, అది తిరుగు చక్రమునకు సూటిగా ప్రక్కనగాని ఎవ్వరును నిలువరాదు; పిల్లలను మరింత దూరమున ఉంచవలెను. తోకను మరియొకరు గట్టిగా పట్టుకొనవలెను, లేదా మేకునకు కట్టవలెను. సూదిమర త్రిప్పువాడు వెనుకనుండి చేయి చాపవలెను. సన్నని బీట కనిపించిన ప్రొపెల్లరును అతికింపక పారవేయుటయే ఉచితము.

ఇక ప్రారంభము. చోకు మూసి, ఇగ్నిషను వేసి, చేతికి దళసరి తొడుగుతో ప్రొపెల్లరును చురుకుగా త్రిప్పవలెను. ఇంజను ఒకమారు దగ్గి ఊరకుండును. అప్పుడు చోకు తెరచి మరల త్రిప్పినచో అందుకొనును. ఇగ్నిషను ఆపియున్నదను నమ్మకముతో ప్రొపెల్లరును ముట్టరాదు. అది ఎల్లప్పుడును ప్రాణముతో ఉన్నట్లే భావింపవలెను.

కార్బురేటరునకు సూదిమరలు రెండు: ఒకటి మెల్లని నడకకు, రెండవది పూర్తి వేగమునకు. మొదట తయారీదారు చెప్పినంత తెరచి ఇంజనును కొంత వేడెక్కనీయవలెను. థ్రాటిలును చటుక్కున తెరచినప్పుడు ఇంజను ఊపిరాగినట్లు ఆగినచో మెల్లని నడకకు పెట్రోలు చాలదు. గుడగుడలాడుచు పొగ క్రక్కినచో ఎక్కువైనది. ఆ పిమ్మట పూర్తి వేగపు మరను బిగించుచు పోగా స్వరము పెరిగి, ఒక శిఖరమును చేరును. ఆ క్రొత్తవాడు ఆగినది ఆ శిఖరముననే.

నేలమీద కట్టియున్న విమానపు ప్రొపెల్లరు నిలుకడ గాలిని కోయవలెను. అది గొప్ప బరువు. విమానము ముందుకు సాగినంతనే ఆ బరువు తగ్గి, ఇంజను మరింత వేగముగా తిరుగును. శిఖరమున నిలిపిన మిశ్రమము అప్పుడు పలుచబడును. ఇట్టి రెండు స్ట్రోకుల ఇంజనునకు వేరే నూనెతొట్టి లేదు. పెట్రోలులో 32 పాళ్లకు ఒక పాలుగానో, తయారీదారు చెప్పిన మరియొక లెక్కనో కలిపిన నూనెయే దానికి ఆధారము. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. పిస్టను వేడెక్కి ఉబ్బి, సిలిండరును పట్టుకొనును. మూలుగు వినబడినది అందువలననే. ఒకమారు పట్టుకొన్న పిస్టనుపై గీతలు పడును. క్రొత్త ఇంజను ఒక్క ఉదయముననే ముసలిదగును. కావున శిఖరము తెలిసినంతనే మరను కొంచెము వెనుకకు త్రిప్పి, నిమిషమునకు 200 చుట్ల వరకు వేగమును వదలుకొనవలెను. క్రొత్త ఇంజనునకు మరికొంత ఎక్కువ వదలినను నష్టము లేదు. మెల్లని నడక మరను కదిలించిన ప్రతిమారును ఈ పరీక్ష మరల చేయవలెను, ఏలయన ఒకదాని ఫలము రెండవదానిపై పడును.

తరువాతి ఆదివారము ఆ క్రొత్తవాడు మరల వచ్చెను. పిస్టను బ్రతికియున్నది, కాలు క్రొత్తది. మరను వెనుకకు త్రిప్పగా స్వరము ఇంచుక బొంగురుపోయినది. అతనికి ఆ ధ్వని నచ్చలేదు. రెండు మార్లు మరవైపు చేయి చాచి వెనుకకు తీసికొనెను. విమానము నేల విడిచి, చెట్ల తలలు దాటి, ఇంకను పైకెక్కుచుండగా ఆ బొంగురు తనంతట తానే విడిపోయి, ఇంజను స్వచ్ఛముగా పలికినది.