పసరా, నొక్కిన చెయ్యా?

 

చిన్నప్పుడు కట్టెలకు వెళ్లి కాలి వేలి మీద గొడ్డలి వేసుకున్నాను. మా అమ్మమ్మ నాలుగు గాయపాకులు తెంపి, అరచేతిలో నలిపి, పచ్చటి పసరు చుక్కలు చుక్కలుగా పిండింది. మంటకు కేకలు పెట్టాను. ఆమె వేలిని గట్టిగా నొక్కిపట్టి వదల్లేదు. నెత్తురు ఆగింది. ఆపింది పసరా, నొక్కిన చెయ్యా? చదువుకున్న కొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది.

ఇవాళ నెత్తురు ఆపే పెప్టైడ్లు వచ్చాయి. అమెరికాలోని ఎంఐటీలో షుగ్వాంగ్ జాంగ్ బృందం పరిశోధనల్లోంచి వచ్చిన ఆర్‌ఏడీఏ-16 వాటిలో ఒకటి. 16 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. సీసాలో నీళ్లలా తేటగా ఉంటుంది. రక్తం తగిలితే అందులోని లవణాల వల్ల గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి పోగులవుతాయి, వలలా అల్లుకుని గాయాన్ని మూస్తాయి. ఒంట్లో రక్తం గడ్డకట్టే ప్రక్రియ కోసం ఇది ఎదురుచూడదు. నన్ను కట్టిపడేసింది ఆ గుణమే. 2006లో శాస్త్రవేత్త ఎల్లిస్-బెహ్న్కే బృందం దీన్ని జంతువుల మీద పరీక్షిస్తే, చర్మపు గాయాల్లో సైతం 15 సెకన్లలోపే రక్తస్రావం ఆగింది.

అయితే అది ప్రయోగశాల. ఇదే పెప్టైడ్‌తో ఆపరేషన్లలో వాడేందుకు తయారైన ప్యూరాస్టాట్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి. మన భద్రాచలం అడవుల్లో, చర్ల అవతలి గూడేల్లో ఆశా కార్యకర్త సంచికి ఫ్రిజ్ ఎక్కడిది? తునికాకు కోసే రోజుల్లో ఇక్కడి ఎండ మీకు చెప్పనక్కర్లేదు. చర్ల నుంచి భద్రాచలం ఆసుపత్రికి దూరం 50 కిలోమీటర్లు దాటుతుంది. ఆ సంచిలో నెల రోజులు మగ్గిన మందు గాయం మీద పనిచేస్తుందా? మన అడవికి కావలసిన పరీక్ష అది.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరైనా ఆ పని చేస్తారని నా ఆశ. చేసేటప్పుడు కొత్త మందు వేసిన గాయాల పక్కన, ఉత్త గాజుగుడ్డతో నొక్కిపట్టిన గాయాలనూ లెక్కలోకి తీసుకోండి. మందు ఓడిపోతే ఓడిందనే రాయండి. మనుషుల మీద పరీక్ష దాకా వస్తే, సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు అందులో ఏముందో కోయ భాషలో చెప్పించండి. వద్దన్నవాళ్లకూ అంతే శ్రద్ధగా కట్టు కట్టండి.