ముఖం కాదు, పని

కంబోడియా అనగానే అంకోర్‌వాట్ శిల్పాల ఫొటోలే గుర్తొస్తాయి. ఆ దేశాన్ని నిలబెట్టిన ఆడవాళ్లు మాత్రం మన కంట పడరు. 1975-79 మధ్య ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలనలో లక్షలమంది చనిపోయారు, వారిలో మగవాళ్లే ఎక్కువ. మిగిలిన పొలాలూ పిల్లలూ ఆడవాళ్ల భుజాలమీద పడ్డాయి.

అక్కడి మహిళా ఫొటోగ్రాఫర్ నియాక్ సోఫల్ ‘హ్యాంగ్ ఆన్’ చిత్రమాలలో మనుషుల ముఖాలను వాళ్ల వృత్తికి చెందిన వస్తువులతోనే కప్పింది. ఎంత ధైర్యమైన ఆలోచన! జాలిగా చూద్దామంటే ముఖమే దొరకదు, పనినే చూడాలి.

అలా పనిని చూడాల్సిన ఆడవాళ్లు అక్కడ ఎందరో: తలకు క్రమా గుడ్డ చుట్టుకుని నాట్లు వేసేవాళ్లు, టోన్లే సాప్ సరస్సు చేపలను ఉప్పులో ఊరబెట్టి ప్రహోక్ చేసేవాళ్లు, ఎగుమతి దుస్తులు కుట్టేవాళ్లు. ఆ కుట్టు ఫ్యాక్టరీల్లో అత్యధికులు మహిళలే. వాళ్ల ఫొటోలు అంకోర్‌వాట్ ఫొటోలంత విరివిగా రావాలని నా కోరిక.