అమ్మాయికి పిస్తోలు కొనబోయే ముందు



పిస్తోలు అనగానే "రామ రామ! ఆడవాళ్ల కార్యక్రమంలో ఇదేం గొడవ?" అనుకుంటున్నారేమో, కంగారు పడకండి. నేను చెప్పబోయేది గురిపందెంలో వాడే గాలి పిస్తోలు, అంటే ఎయిర్ పిస్టల్ సంగతి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, పెద్దవాళ్లతో పోటీపడి ఈ ఆటలో జాతీయ ఛాంపియన్ అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ ఇదే ఆటలో కాంస్య పతకం తెచ్చింది. షూటింగ్‌లో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఇవన్నీ చూసి, "అమ్మా, నేనూ నేర్చుకుంటాను" అని మీ అమ్మాయి మారాం చేస్తోందనుకోండి. ఆయనేమో "ఖర్చెంత?" అంటారు. అత్తగారేమో "ఆడపిల్లకి పిస్తోలేమిటే!" అంటారు. మధ్యన నలిగేది తల్లే కదూ! అలాంటి తల్లుల కోసమే ఈ నాలుగు మాటలు.

ముందు ఆటేమిటో చూద్దాం. గురి 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడుమ పది మార్కుల చుక్క అడ్డుకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు చొక్కా గుండీ అంత. పిస్తోలు ఒంటి చేత్తోనే పట్టుకుని, 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. 2018 నుంచి ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే లెక్క. ఇందులో కండబలం కంటే నిలకడ, ఓపిక ముఖ్యం. ఆ రెండూ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు!

ఇక కొనుగోలు విషయం. మొట్టమొదటి సలహా ఏమిటంటే, వెంటనే కొనకండి. చేరిన మూడు నాలుగు నెలలు క్లబ్బు పిస్తోలుతోనే నేర్చుకోనివ్వండి. పిల్లల సరదా ఎన్నాళ్లుంటుందో మనకు తెలియనిదా? మూలపడ్డ వీణలు, హార్మోనియాలు ఎన్ని ఇళ్లలో లేవు! నాలుగు నెలల తర్వాత కూడా తెల్లవారుజామున తనంతట తాను లేచి రేంజికి బయల్దేరుతోందంటే, అప్పుడు డబ్బు సంగతి ఆలోచించవచ్చు.

బజారులో దొరికేవి మూడు రకాలు. మొదటిది స్ప్రింగుతో పనిచేసేది. చవక. కాని ఎగ్జిబిషన్‌లో బుడగలు కాల్చే తుపాకిలాగా, కాల్చినప్పుడల్లా కుదుపు ఇస్తుంది. ఆ కుదుపుకి అలవాటు పడ్డ చెయ్యి మళ్లీ దారికి రావడం కష్టం. సరదాకి సరే, పందేనికి వద్దు. రెండోది, ప్రతి గుండుకీ ఒకసారి మీట లాగి గాలి నింపుకునేది. దీనికి సిలిండరు లేదు, గాలి నింపించే బాధ లేదు, గురి కూడా బాగుంటుంది. అయితే అరవై సార్లు మీట లాగేసరికి చిన్నపిల్ల చెయ్యి అలిసిపోతుంది. మూడోది, గొట్టం కింద సిలిండరులో గాలి నింపి ఉండేది. పెద్ద పోటీల్లో ఈనాడు అందరూ వాడేది ఇదే. స్టెయర్, మొరీనీ, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్డినీ అనే విదేశీ కంపెనీలవి పేరున్నవి. కొత్తది కొనాలంటే లక్ష రూపాయల పైమాటే. గాజులు తాకట్టు పెట్టాలా అని భయపడకండి. పాతది చూడవచ్చు.

పాత పిస్తోలు కొనడం పాత కుట్టుమిషను కొన్నట్లే. పైమెరుపు కాదు, లోపలి పని చూడాలి. ఒకటి, సిలిండరు మీద వేసిన తేదీ. గాలి సిలిండరుకి గడువుంటుంది. చాలా కంపెనీలవాళ్లు పదేళ్లంటారు. గడువు దాటినదాన్ని పోటీలో వాడకూడదు, పైగా ప్రమాదం. కొత్త సిలిండరు ధర కూడా బేరంలో కలిపి లెక్కేసుకోండి. రెండు, గాలి కారడం. రాత్రి నింపి ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. తెల్లారేసరికి ముల్లు దిగిపోయిందా, వాషర్లు పోయాయన్నమాట. మూడు, ట్రిగ్గరు. నిబంధన ప్రకారం అది కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. దానికి అరకిలో తూనికరాయి వేలాడదీసి పిస్తోలుని నిటారుగా పైకెత్తుతారు. పేలకుండా ఆగితే సరి. నాలుగు, బిల్లు, దిగుమతి కాగితాలు, పిస్తోలు మీది నంబరు. కాగితాల్లేని బేరం ఎంత చవకైనా మనకొద్దు. బేరానికి వెళ్లేటప్పుడు కోచ్‌ని వెంటబెట్టుకెళ్లి, ఆయన చేత పదిసార్లు కాల్పించి చూడండి.

ఇంతకంటే ముఖ్యమైనది పిడి. చెప్పులు కాలికి సరిపోవాలా వద్దా? ఇదీ అంతే. చెక్క పిడి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరుగా వస్తుంది. అమ్మాయి చేతికి పెద్దదైతే ఎంత ఖరీదైన పిస్తోలైనా దండగే. కొంచెం తేడా అయితే ఆకురాయితో అరగదీసి, చెక్క లప్పం పెట్టి సరిచేయవచ్చు. బరువు కూడా చూడండి. నిబంధన ప్రకారం కిలోన్నర వరకూ ఉండవచ్చు గాని, సాధారణంగా కిలోకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. పన్నెండేళ్ల పిల్ల చెయ్యి చాచి అంత బరువు గంటసేపు మోస్తే భుజం, మణికట్టు దెబ్బతింటాయి. అలాంటివాళ్ల కోసం పొట్టి గొట్టంతో తేలికైనవి ఉన్నాయి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని లంగా జాకెట్లు వదులుగా కుట్టించినట్లు పిస్తోలు కొనకూడదు సుమా!

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు కావాలా, మామూలుదా అని దుకాణంలో అడుగుతారు. రెంటితోనూ పతకాలు గెలిచినవాళ్లున్నారు. ఎంత మంచి పిస్తోలైనా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్తోలు పోటీ మధ్యలో చెడింది. బాగుచేయించుకు వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయి, రెండు పాయింట్లలో ఫైనల్ తప్పిపోయింది. అందుకని, మీరు కొనే పిస్తోలుకి విడిభాగాలు మన దేశంలో దొరుకుతాయా, బాగుచేసేవాళ్లున్నారా అని ముందే కనుక్కోండి.

కొనడంతో ఖర్చు అయిపోదు. సీసపు గుళ్లు డబ్బాకి 500 వస్తాయి. రోజుకి 80 చొప్పున వారానికి నాలుగు రోజులు కాలిస్తే 320. అంటే డబ్బా పదకొండు రోజులకి సరి. రేంజి ఫీజు, గాలి, పోటీలకి ప్రయాణం వేరే. పిస్తోలు మీద ఉన్నదంతా పెట్టేస్తే గుళ్లకి మిగలదు. దీనికి ఒక పొదుపు మార్గం ఉంది. పందెపు పిస్తోళ్లలో గుండు, గాలి లేకుండా ఉత్తుత్తినే ట్రిగ్గరు నొక్కి సాధన చేసే ఏర్పాటుంటుంది. తెల్లగోడకేసి రోజూ అరగంట అలా చేస్తే పైసా ఖర్చు లేదు. పెద్ద ఆటగాళ్లు కూడా చేసేదే. కాకపోతే ప్రతిసారీ లోపల గుండు లేదని చూసుకోవాలి, ఆ గోడవైపు ఎవరూ రాకూడదు.

చట్టం మాట కూడా చెప్పాలి. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం, 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న గాలి పిస్తోలుకి లైసెన్సు అక్కర్లేదు. పందెపు పిస్తోలు శక్తి అందులో సగం కూడా ఉండదు. అలాగని బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. పెట్టెలో పెట్టి తాళం వేయండి, గుళ్లు వేరేచోట దాచండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. సిలిండరుని పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టకండి. సీసం విషం కాబట్టి, రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడగందే అమ్మాయికి కంచం పెట్టకండి.

ఇక అత్తగారికి ఏం చెప్పాలంటారా? ఒక్కసారి ఆవిణ్ణి రేంజికి తీసుకెళ్లండి. ఊపిరి బిగబట్టి, ఒంటి చేత్తో, ఒళ్లు కదలకుండా నిలబడ్డ మనవరాల్ని చూస్తే ఆవిడే నచ్చజెప్పుకుంటారు.

సెలవు.